చనువు గడి, మర్యాద గడి

రోజు 203

ఈ పూట నలభై ఆజ్ఞలు వచ్చాయి. తలుపు మూయి, దీపం ఆర్పు, చేతులు కడుక్కో, ఇక్కడ ఆగు, పరుగెత్తకు. కింది ఆఫీసు వాళ్లు వాటిని ఇంగ్లీషులో పంపుతారు. కింది ఆఫీసు అంటే భూమి. నేను ఒక్కోదాన్నీ స్పానిష్‌లో రెండుసార్లు రాస్తాను, ఎడమ గడిలో చనువుగా, కుడి గడిలో మర్యాదగా. 'సియెర్ర ల పుయెర్త' అంటే తలుపు మూయి. 'సియెర్రె ల పుయెర్త' అంటే తలుపు మూయండి. మధ్యాహ్నానికి నా పట్టిక గొంతుకి చేరుతుంది. గొంతు అంటే ఇక్కడ అందరి చెవుల్లోనూ ఉండే బిళ్ల. చంద్రుడి మీది ఈ మంచుగనిలో ఎవరికి ఏ పని చెప్పాలన్నా అదే చెబుతుంది, ఒక్కొక్కరికీ విడిగా, వాళ్ల చెవిలో.

ఎవరికి ఏ గడి అన్నది నా చేతిలో లేదు. నాలుగో గ్రేడు, ఆపైవాళ్లకి మర్యాద. మూడు, ఆ కిందివాళ్లకి చనువు. డాక్టరుకి 'కూర్చోండి'. మంచు కోసేవాళ్లకి 'కూర్చో'. గొంతు మాత్రం ఒకటే. ఎప్పుడూ జలుబు చెయ్యని ఆడగొంతు.

ఈ చిట్టా తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఇక్కడి యంత్రాలు ఇంగ్లీషూ స్పానిషూ చదువుతాయి. తెలుగు వాటికి ఇంకా ఎవరూ నేర్పలేదు.

రోజు 204

ఏమీ జరగలేదు. నీళ్లు రెండు లీటర్లు ఇచ్చారు. బయటి నుంచి వచ్చిన సూట్లు బ్రష్షుతో దులిపే వంతు నాది. చంద్రుడి దుమ్ము దీపావళి మర్నాడు వీధి ఊడ్చినప్పుడు వచ్చే వాసన వేస్తుంది. దులిపినంతసేపూ తుమ్ములే.

మూడేళ్లలో నాలుగు ఉద్యోగాలు మారాను. స్పానిష్‌లో ఎమ్మే చేసింది కూడా మిగతావాళ్లంతా జర్మన్ తీసుకున్నారనే. రావులపాలెంలో మా అమ్మ 'నీ కాలు ఒకచోట ఆనదే సుభాషిణీ' అనేది. ఇక్కడ నిజంగానే ఆనదు. అడుగు వేస్తే ఆరో వంతు బరువు. గట్టిగా విసుక్కుంటూ లేస్తే తల కప్పుకి తగులుతుంది. రెండుసార్లు తగిలింది.

రోజు 207

కింది ఆఫీసు నుంచి నాకొక ఉత్తరం. కోత హాల్లో ఆజ్ఞలకి జవాబు ఆలస్యమవుతోంది, అనువాదంలో లోపం ఉండొచ్చు, వెళ్లి చూడు అని. లోపమా? రాత్రింబవళ్లు లేని ఈ చోట నిద్ర మానుకుని మరీ క్రియారూపాలు సరిచూసుకున్నాను నేను. ఒళ్లు మండి, జాకెట్టు మీద జాకెట్టు వేసుకుని వెళ్లాను.

కోత హాలు అంటే పొడవాటి గుహ. లోపల గాలి నింపారు కానీ వేడి నింపలేదు, మంచు కరిగిపోతుందని. ముప్పై నలుగురు మనుషులు గోడలోంచి నల్లటి మంచుని దిమ్మలు దిమ్మలుగా కోస్తుంటారు. వాళ్లందరూ దక్షిణ అమెరికా కొండగనుల నుంచి వచ్చినవాళ్లు. పల్చటి గాలికి అలవాటుపడిన ఊపిరితిత్తులు కాబట్టి ఏరి తెచ్చారు. అందరిలోకీ పెద్దావిడ దోన్య బెనితా. 'దోన్య' అంటే మన 'గారు' లాంటిది, కాకపోతే పేరుకి ముందు వస్తుంది. అరవై రెండేళ్లు, పొట్టి మనిషి, రెండు జడలు వీపు మీద ముడేసుకుంటుంది.

పదింటికి ఆజ్ఞ వెళ్లింది. నా పట్టికలో పన్నెండోది, 'వెన్', అంటే 'రా'. దిమ్మలు మోసే బండి దగ్గరికి రమ్మని. అందరి చెవుల్లోనూ ఒకేసారి పడిందని వాళ్ల తలలు చూస్తే తెలిసింది.

ఎవరూ కదల్లేదు. దోన్య బెనితా తను కోసిన దిమ్మ మీద కూర్చుంది. ఎడమ చేతి గ్లవ్ వేలు వేలుగా లాగి తీసి, మోకాలి మీద పెట్టుకుంది. తన చేతిని ఒకసారి చూసుకుంది. మళ్లీ వేలు వేలుగా తొడుక్కుంది. లేచింది. అప్పుడు ముప్పై నలుగురూ నడిచారు.

నలభై నాలుగు సెకన్లు. కోపం లేదు, నవ్వు లేదు, ఒక్క మాట లేదు.

అనువాదంలో లోపం లేదు.

రోజు 208

గొంతుని మరమ్మతు చేసేది ఐలయ్య గారు. జనగామ మనిషి, యాభై దాటాయి. ఈ చంద్రుడి మీద తెలుగు వచ్చింది మా ఇద్దరికే. చెవిబిళ్లలు కుప్ప పోసుకుని ఒక్కోదాన్నీ స్పిరిటుతో తుడుస్తున్నారు.

"ఐలయ్య గారండీ, ఆవిడ గ్లవ్ తియ్యడం మీరు చూశారాండీ?"

"ఏంది పిల్లా, గ్లవ్‌కు గూడ అండి తగిలిస్తవా? సూసిన. నువ్వొచ్చిన కాడికెల్లి సూస్తున్న."

"నేను వచ్చినప్పటినుంచా?"

"మరి? నువ్వు రాకముందు గీడ మాటల్లేవు. గంట కొట్టేటోళ్లు. ఒక గంటకు బండి, రెండు గంటలకు తిండి, గంట ఆగకుంట మోగితె ఉరుకుడు. ఆమె అందరికంటె ముందు ఉరికేది. ఇగ కిందోళ్లకు మర్యాద యాదికొచ్చింది. మనుషులకు గంటేంది, మాట గావాలె అన్నరు. నిన్ను తోలిచ్చిన్రు."

ఆయన బిళ్ల ఒకటి దీపానికి ఎత్తి చూసి, మామూలుగా చెప్పినట్టే చెప్పారు. అత్యవసర పరీక్షలు రెండు జరిగాయి. 'బయటికి రా' అన్న మాట చెవిలో పడ్డాక ముప్పై సెకన్లలో పసుపు గీత దాటాలి. రెండుసార్లూ హాలంతా ఆలస్యం. ముప్పై నలుగురినీ పంపలేరు కాబట్టి ఎవరివల్ల ఆగిందో ఆ ఒక్క పేరే రాసుకున్నారు. మూడోసారి కూడా అయితే ఆమెని భూమికి దింపేస్తారు. పరీక్ష 229వ రోజున.

"దింపితే ఏమవుతుందండీ? ఇంటికే కదా."

ఐలయ్య గారు నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూశారు. "పదకొండేండ్లాయె ఆమె గీడ. బొక్కలు సున్నమైనయ్. కింద మోపితె నిలవడది. డాక్టరమ్మ రాసిచ్చింది గూడ. దిగినంక మంచమే, ఇగ లేసుడు లేదు. కంపిని మంచిదే మల్ల, మంచం ఇస్తదంట."

రోజు 210

కింది ఆఫీసుకి రాశాను. కోత హాలుకి మర్యాద గడి ఇప్పించండి, ఆలస్యం పోతుంది అని. జవాబు ఆరు గంటల్లో వచ్చింది. నా శ్రద్ధకి కృతజ్ఞతలు. నా పరిశీలనకి కృతజ్ఞతలు. గడి గ్రేడుని బట్టి ఉంటుంది, గ్రేడు ఒప్పందాన్ని బట్టి ఉంటుంది, ఒప్పందం మారదు. మరోసారి కృతజ్ఞతలు. వాళ్లు ఎంత ఎక్కువ కృతజ్ఞతలు చెబితే అంత గట్టిగా కాదన్నట్టు.

రోజు 211

దొంగపని చేశాను. ఎడమ గడిలోనూ మర్యాద మాటే రాసి పంపాను. పావుగంటలో పట్టిక ఎర్రగీతలతో తిరిగొచ్చింది. రెండు గడులూ ఒకేలా ఉంటే యంత్రం తీసుకోదట.

గంట మళ్లీ పెట్టించమని ఐలయ్య గారిని అడిగాను. గంటని కరిగించి తలుపు గొళ్లేలు చేశారట.

రోజు 213

భోజనాల గదిలో దోన్య బెనితా పక్కన ఖాళీ ఉంటే వెళ్లి కూర్చున్నాను. ఎదురుగా ఉన్న ఇద్దరు పళ్లాలు తీసుకుని లేచి వెళ్లిపోయారు.

"క్షమించండి," అన్నాను. "ఒక్క మాట. వచ్చే పరీక్షలో ఒక్కసారి గ్లవ్ తియ్యకుండా వచ్చేస్తే ఏమవుతుంది?"

"ఏమీ అవదు, సెన్యొరీత," అంది. అరవై రెండేళ్ల మనిషి నన్ను 'మీరు' అంటోంది. అమ్మాయిగారూ అన్నట్టు 'సెన్యొరీత' అంటోంది. చన్నీళ్లు మీద పోసినట్టుంది నాకు. "మీరు చదువుకున్నవారు. మీకు చెప్పాలా? మా అమ్మ గనిలో మేస్త్రీ ఉండేవాడు. పాతికేళ్లవాడు. మా అమ్మని 'ఏయ్, నువ్వు, లే' అనేవాడు. ఆమె కూర్చునేది, గ్లవ్ తీసేది, తొడుక్కునేది, అప్పుడు లేచేది. పని మానేది కాదు. వాడు లేపితే లేవలేదు, తను లేచింది, అంతే. మా కొండ మీద అందరం అదే చేస్తాం. పెద్దది కూర్చుంటే మిగతావాళ్లు ఆగుతారు."

"నిజంగా గాలి పోతే?"

"గాలి పోతే చెవులే దిబ్బడేసి చెబుతాయి. మాట కోసం ఎవరు ఆగుతారు?" సూపు తాగడం ఆపింది. "నాలుగేళ్ల కిందట పోయింది. గంట మోగేలోగా నేను ఇద్దరిని జుట్టు పట్టుకుని బయటికి లాగాను. అది ఎక్కడా రాసుకోలేదు. ఆజ్ఞ లేదు కదా, రాయడానికి."

"కానీ మిమ్మల్ని దింపేస్తారు."

"తెలుసు."

"అయినా?"

"నా వెనకాల ముప్పై ముగ్గురున్నారు, సెన్యొరీత. నా నడుము కోసం నేను లేస్తే, రేపటి నుంచి వాళ్లు ఎవరు అరిచినా లేవాలి." వేలితో చెవి చూపించింది. "మాలో ఒకరిని 'నువ్వు' అనాలంటే ముందు ఆమె కుండలోది తినాలి. తర్వాత ఆమె పక్కన నిలబడి ఆ పని చెయ్యాలి. మా అమ్మ అన్నది, నా మొగుడు అన్నాడు, ఈ హాల్లోవాళ్లు అంటారు. ఈ చెవిలోది ఏం తింటుంది? ఎప్పుడు మంచు కోసింది?"

అప్పుడు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందేమో.

"ఆ మాటలు దానివి కాదు. నేను రాస్తాను. రోజూ నలభై."

చెంచా కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది. ఆమె కనురెప్పల వెంట్రుకల్లో మంచు ఇంకా కరగలేదు.

"ఏడు నెలలుగా నన్ను 'నువ్వు' అంటున్నది మీరా?"

చదువులో నేను నేర్చుకున్నది ఎవరు ఎవరికి ఏ రూపం వాడాలన్నదే. ఆ పాఠం నా నోటిమీదుగా ఎప్పుడూ రాలేదు, పట్టికలోనే ఉండిపోయింది.

ఆమె పళ్లెం తీసుకుని లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఆదివారం కుండ పెడతాను. రండి."

రోజు 214

ఐలయ్య గారికి చెబితే ఆయన ఎగిరి గంతేశారు, కప్పుకి తగలకుండా. పాత మనిషి, అలవాటు.

"పో మల్ల! తిను. తిని పక్కపొంటి నిలబడు. ఆమె నీకిచ్చిన 'నువ్వు' చెవుల కెల్లి వచ్చినా నీదే అయితది. ఇంకేం గావాలె?"

"అంత సులువాండీ? యంత్రం గొంతు యంత్రం గొంతే కదా."

"చిట్టి రాసినోడు ఒకడు, మోసినోడు ఒకడు ఉంటడు. తిట్టు ఎవనికి తగులుతది? రాసినోనికే. గట్లనే ఇది." బిళ్లలు డబ్బాలో వేసి మూత పెట్టారు. "మీ గోదారోళ్లతోటి గిదే తిప్పలు. కుక్కను గూడ కూసోండి అంటరు. మా దిక్కు అమ్మను నువ్వే, నాయినను నువ్వే. 'మీరు' అంటే నాకు తాసిల్దారు యాదికొస్తడు. నువ్వు నన్ను గారండీ గారండీ అంటుంటే ఏదో కాయిదం మీద సంతకం పెట్టాల్నేమో అనిపిస్తది."

రోజు 217, ఆదివారం

పాడుచేశాను.

దోన్య బెనితా గది నా గదంతే ఉంటుంది, మంచం మడిస్తే ఇద్దరు కూర్చోవచ్చు. వారం రేషన్లో వచ్చిన బంగాళాదుంపల్ని నీడ వరండాలో పెడుతుంది. అక్కడ ఎండ ఎప్పుడూ పడలేదు, ఇకముందూ పడదు. దుంపలు రాయిలా గడ్డకడతాయి. వాటిని లోపలికి తెచ్చి, కరిగాక కాళ్లతో తొక్కి నీరు పిండి, మళ్లీ గడ్డకట్టించి ఆరబెడుతుంది. వాళ్ల కొండ మీద ఇలాగే చేస్తారట, పేరు 'చూన్యో'. నల్లగా, గులకరాళ్లలా ఉంటాయి. నానబెట్టి మిరపకాయతో ఉడికించింది. వాసన తడిసిన గోనెసంచిలా, రుచి మట్టిలా, పొయ్యిలా ఉంది. రెండో ముద్దకి బాగానే అనిపించింది. మూడో ముద్దకి నిజంగా బాగుంది.

కంచం ఖాళీ అవుతుంటే ఆమె గరిటె ఎత్తింది. నేను చెయ్యి అడ్డం పెట్టి, నవ్వుతూ, "చాలు, చాలు, వద్దండి," అన్నాను.

మా ఇంట్లో ఎవరైనా అంతే అంటారు. ఒకసారి వద్దంటాం, రెండోసారి వద్దంటాం, మూడోసారి వాళ్లు కొసరి కొసరి వేస్తే 'అబ్బే, ఎందుకండీ' అంటూ తింటాం. మొదటి పిలుపుకే చెయ్యి చాపితే ఆబగొట్టు అంటారు. నేను రెండోసారి వద్దనడానికి సిద్ధంగా కూర్చున్నాను.

ఆమె గరిటె దించింది. కుండ మీద మూత పెట్టింది. చప్పుడు కూడా కాలేదు.

"మీ ఇష్టం, సెన్యొరీత."

కంచంలో ఇంకా రెండు దుంపలున్నాయి. అవీ తినలేకపోయాను. ఆమె నా చేతిలోంచి కంచం తీసుకుంది, చాలా మర్యాదగా.

రోజు 218

"నువ్వు వద్దన్నవ్. ఆమె వద్దని ఇన్నది. ఇంకేంది?" ఐలయ్య గారు నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. నేను ఏడుస్తున్నానని తర్వాత గమనించారు. "ఏయ్, ఊకో. మీ తాన కొసరుతరు, వాళ్ల తాన కొసరరు. మల్లొక ఐతారం ఉన్నది గద."

"ఆవిడ పిలవలేదండీ."

"పిలుస్తెనే పోతవా? ఆకలైతె పో."

ఇంకా పదకొండు రోజులు. ఆజ్ఞలు నలభై. 'నీళ్లు తాగు.' 'హెల్మెట్ పెట్టుకో.' ప్రతి ఎడమ గడీ నింపుతుంటే ఆమె మొహం. తోమ అగ్వా. పొంతె ఎల్ కాస్కో. ఏడు నెలలుగా ఆమె కుండలోది తినని నోటితో ఆమె చెవిలో మాట్లాడుతున్నాను.

రోజు 221

మా అమ్మకి ఒక మెసేజీ పంపాను: 'వద్దు వద్దు అనడం ఎవరు నేర్పారమ్మా నాకు?' జవాబు: 'ఎవరో నేర్పాలా? తిన్నావా?'

రోజు 224, ఆదివారం

పిలవకుండానే వెళ్లాను. తలుపు తెరిచే ఉంది. కుండ పొయ్యి మీద ఉంది. ఆమె మంచం మడిచింది.

వడ్డించింది. తిన్నాను. కంచం ఖాళీ చేశాను. పరాయి ఇంట్లో నా జన్మలో చెయ్యని పని చేశాను. కంచం ముందుకు జరిపి, "ఇంకొంచెం పెట్టండి," అన్నాను. చెవులు వేడెక్కాయి. మా అమ్మ, మా పిన్నులు, మా వీధి వీధంతా నా వెనకాల నిలబడి చూస్తున్నట్టనిపించింది.

ఆమె పెట్టింది. అదీ తిన్నాను. మళ్లీ జరిపాను.

"ఇంకానా?" అంది.

"ఇంకా."

కుండ అడుగున మాడింది గీకి వేసింది. అది తిన్నాక ఊపిరాడలేదు. ఆమె నా కంచం తీసుకోకుండా, మూలనున్న బ్రష్షు వైపు చూపించింది.

"ఆ బ్రష్షు అందుకో. నీ కంచం నువ్వు కడుక్కో. నాది కూడా."

'నువ్వు' అంది. నేను లేచాను, గబుక్కున. తల కప్పుకి తగిలింది. ఆమె మొదటిసారి నవ్వింది, పైవరస పళ్లు రెండు లేవు.

"దెబ్బ తగిలిందా? మెల్లిగా లే, పిల్లా. రేపు పొద్దున మొదటి షిఫ్టుకి రా. రెండు జతల మేజోళ్లు వేసుకో. నువ్వు రాసేది నువ్వు చేస్తేనే అది నీ మాట."

"వస్తానండీ," అన్నాను, స్పానిష్‌లో, మర్యాదగా. ఆమె నా భుజం మీద ఒక్కటి వేసింది.

"నువ్వు కూడా 'నువ్వు' అను. నోటితో చెప్పు, పట్టికలో కాదు."

చెప్పడానికి మూడుసార్లు పట్టింది. అరవై రెండేళ్ల మనిషిని మొహం మీద 'నువ్వు' అనడం గోదావరి ఒడ్డున పుట్టినదానికి ఎంత కష్టమో ఐలయ్య గారికి ఎన్నడూ అర్థం కాదు.

రోజు 225

మంచు కోశాను. మూడు దిమ్మలు. పక్కనున్నవాళ్లు ముప్పై కోశారు. చేతులు నావి కావు.

రోజు 227

ఐదు దిమ్మలు. షిఫ్టు మూడో గంటకి నోరు ఎండి నాలుక అంగిలికి అంటుకుపోతుంది. ఇక్కడి గాలిలో తడి అంతా గోడకి పట్టేసి మంచవుతుంది. నీళ్ల విరామం పది నిమిషాలు. గోరువెచ్చటి నీళ్లు ఇంత తియ్యగా ఉంటాయని రెండు వందల రోజులుగా నాకు తెలియదు. పట్టికలో మాత్రం 'నీళ్లు తాగు' అని ఎన్నిసార్లు రాశానో.

హాల్లో ఎవరో నాకు మారుపేరు పెట్టారు, 'నలభై'. ఏయ్ నలభై, ఆ గొడ్డలి ఇటివ్వు.

రోజు 229

పరీక్ష. ఎప్పుడన్నది చెప్పరు. పదకొండున్నరకి వచ్చింది.

నా చెవిలో గొంతు 'సాల్గ' అంది. బయటికి రండి. నాది నాలుగో గ్రేడు. నా చేత్తో నేను కుడి గడిలో రాసుకున్న మాట. అదే క్షణంలో దోన్య బెనితా చెవిలో ఎడమ గడిలోని 'సాల్' పడి ఉంటుంది. ఆమె గొడ్డలి దించింది. ముప్పై ముగ్గురూ ఆమె వైపు తిరిగారు.

ఆమె పక్కన దిమ్మ ఉంది, కూర్చోవడానికి వీలుగా. నేను ఆ దిమ్మనే చూస్తున్నాను. ఒకటి, రెండు, మూడు. ఆమె దిమ్మ వైపు చూసింది. తన ఎడమ చేతి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. చెవి తడుముకోలేదు, సూటిగా నా వైపు.

"ఏం నిలబడ్డావ్, నలభై?" అంది. "నువ్వే కదా రమ్మన్నావ్. పద!"

నా మోచెయ్యి పట్టి లాగింది. పసుపు గీత దాటేసరికి పన్నెండు సెకన్లు. ముప్పై నలుగురూ, నేనూ. ఆఖరిదాన్ని నేనే.

రోజు 231

ఉత్తరం వచ్చింది. కోత హాలు పన్నెండు సెకన్లకి కృతజ్ఞతలు. దోన్య బెనితా పేరు మీది రెండు ఆలస్యాలు కొట్టేశారు. అనువాదం మెరుగుపరిచినందుకు నాకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు.

అనువాదంలో ఒక్క అక్షరం మార్చలేదు. అది వాళ్లకి చెప్పలేదు.

ఐలయ్య గారు ఆ ఉత్తరం నాతో రెండుసార్లు చదివించుకున్నారు. "ఆమె ఉన్నది గద. సాలు," అన్నారు. ఉత్తరం నాకు తిరిగిస్తూ, "కృతజ్ఞతలు మస్తున్నయ్. జర జూసుకో," అన్నారు.

రోజు 240

ఐలయ్య గారు అన్నంతా అయింది. హాలు చురుగ్గా ఉందని తెలిశాక కింది ఆఫీసుకి కొత్త ఆలోచనలు వచ్చాయి. ఈ పూట నలభై ఆజ్ఞల్లో పదిహేడోది: 'పని ఆపకు. నీళ్లు షిఫ్టు అయ్యాక తాగు.'

మామూలుగా అయితే అర నిమిషం పని. రెండు చిన్న వాక్యాలు, కష్టమైన క్రియ ఒక్కటీ లేదు. ఎడమ గడిలో వేలు పెట్టి కూర్చున్నాను. నేను రాస్తే ఆమె ఇప్పుడు ఆలోచించదు. గ్లవ్ తియ్యదు. నేను చెప్పానని ఎండిన నోటితో ఎనిమిది గంటలూ కోస్తుంది, ఆమె వెనకాల ముప్పై ముగ్గురూ కోస్తారు. ఇదివరకు నా మాటకి ఈ బలం లేదు. అప్పుడు రాసి ఉంటే ఆమె దిమ్మ మీద కూర్చుని నన్ను నలభై సెకన్లు నిలబెట్టేది.

ముప్పై తొమ్మిది పంపాను.

రోజు 241

కింది ఆఫీసు: ఒకటి తగ్గింది, పొరపాటున అయి ఉంటుంది, దయచేసి పంపగలరు.

నేను: పొరపాటు కాదు. అది అనువాదం కాలేదు.

కింది ఆఫీసు: ఏ మాట దగ్గర ఇబ్బంది? నిఘంటువు పంపమంటారా?

దోన్య బెనితాకి ఆ ఆజ్ఞ సంగతి చెప్పి, అది నేను రాయనని వాళ్లకి చెప్పెయ్యనా అని అడిగాను. తన దిమ్మ చెక్కుతూనే, "ఉద్యోగం పోతే?" అంది.

"పోతే దింపేస్తారు. నా ఎముకలు బాగానే ఉన్నాయి."

"నాకు కంచం కడిగేది ఎవరు?" అంది. గొడ్డలి చప్పుడు కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది.

రోజు 242

ఇలా రాశాను:

'నిఘంటువు అక్కర్లేదు, కృతజ్ఞతలు. మూడో గంటకి నోరు ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ మాట ఆమెతో చనువుగా అనలేను, పక్కన నిలబడి నేనూ నీళ్లు తాగుతున్నాను కనుక. మర్యాదగా అసలే అనలేను. మీ దగ్గర మూడో గడి ఏదైనా ఉంటే పంపండి, ప్రయత్నిస్తాను.'

పంపేముందు కామాలు రెండుసార్లు సరిచూసుకున్నాను.

రోజు 251

తొమ్మిది రోజులైంది. కృతజ్ఞతలు కూడా రాలేదు. రోజూ మాత్రం ముప్పై తొమ్మిది ఆజ్ఞలే వస్తున్నాయి. నేను తొమ్మిది దిమ్మల దాకా వచ్చాను.

హాల్లో మూడో గంటకి అందరూ నీళ్లు తాగుతున్నారు.